ఎలుగు భయం ఒకవైపు.. ఇంట్లో మందుగుండు మరోవైపు.. ఉద్దానంలో ఏది పెద్ద ముప్పు?

జలంత్రకోట: తెల్లవారుజామున జీడితోటకు వెళ్లాలంటే ఉద్దానంలో ఒంటరిగా వెళ్లడానికి జంకుతారు. ఇద్దరు ముగ్గురు కలిసి, చేతిలో కర్ర, టార్చిలైటు పట్టుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తారు. కారణం అందరికీ తెలిసిందే.. ఎలుగుబంటి!

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. 2018లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి భార్యాభర్తలు ఇద్దరూ బలయ్యారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఓ రైతు ప్రాణం పోయింది. ఆ మర్నాడే మరో ఆరుగురు గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగు కూడా విశాఖ జూకు తరలించే క్రమంలో చనిపోయింది. ఇక అడవి పందుల సంగతి చెప్పక్కర్లేదు. రాత్రికి రాత్రే చేను దున్నేసి పోతాయి.

సరిగ్గా ఇక్కడే ఓ ప్రమాదకరమైన ఆలోచన పుడుతుంది. "ఇంట్లో ఓ తుపాకీ ఉంటే బాగుండు" అని. తుపాకీ ఉంటే సరిపోదు కదా.. మందు కావాలి, గుళ్లు కావాలి. అవి ఎక్కడి నుంచి వస్తాయి? నాటు తుపాకీ అయితే ఎవరో ఇంట్లో తయారు చేసిందే. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

జాగ్రత్తగా చేస్తే ఏం కాదా?

జలంత్రకోట జంక్షన్ నుంచి పడమరకు చూస్తే ఒడిశా సరిహద్దు కొండలు కనిపిస్తాయి. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో నాటు తుపాకీ కొత్త వస్తువేమీ కాదు. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు కుక్కి, గుళ్లు వేసి, ఊచతో దట్టించే రకం ఇది. వేట కోసం, పంట కాపలా కోసం తాతల నాటి నుంచి ఉన్నదే అంటారు. అందుకే "మాకు అలవాటే, జాగ్రత్తగా చేస్తాం" అన్న మాట వినిపిస్తుంటుంది.

కానీ జాగ్రత్త అనేది దేని మీద ఆధారపడుతుంది? కొలత మీద. నాటు మందులో లేనిది అదే.

ఇంట్లో కలిపిన మందు ఈసారి ఒక బలంతో ఉంటే, వచ్చేసారి ఇంకో బలంతో ఉంటుంది. నూరిన తీరు మారినా, తడి శాతం మారినా అది మండే వేగం మారిపోతుంది. పైగా ఇది సముద్రం పక్కన ఉన్న నేల. గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. నిన్న పేలని మందు ఇవాళ ఎండకి ఆరి, గొట్టాన్నే చీల్చేయొచ్చు. ఆ గొట్టమైనా తుపాకీ కోసం చేసిందా? చాలాసార్లు ఏదో ఇనుప పైపు. ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో దాన్ని చేసినవాడికే తెలీదు. చీలితే ముందు పోయేది పట్టుకున్న చెయ్యి, ఆ తర్వాత కన్ను.

ఇంకో సమస్య మతిమరుపు. రాత్రి కాపలాకి దట్టించిన తుపాకీ పేల్చాల్సిన అవసరం రాలేదు. తెచ్చి గోడకి ఆనించారు. మర్నాడు ఇంకొకరు వచ్చి, ఖాళీగా ఉందనుకుని మళ్లీ దట్టించారు. గొట్టంలో ఇప్పుడు రెండు మోతాదులు. బయట నుంచి చూస్తే తేడా ఏమీ తెలియదు. లేదంటే పిల్లలు ఆటకని చేతిలోకి తీసుకుంటారు. పేలకపోతే "ఏమైంది" అని గొట్టంలోకి తొంగి చూడటం మరో ఘోరమైన తప్పు. లోపల నిప్పు నెమ్మదిగా పాకుతూ కొన్ని సెకన్ల తర్వాత పేలే అవకాశం ఉంటుంది.

ఇక మందు దంచడం, నూరడం, ఆరబెట్టడం.. ఈ మూడూ నిప్పుతో చెలగాటమే. రాపిడి చాలు, చిన్న నిప్పురవ్వ చాలు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలోని బాణసంచా తయారీ కేంద్రంలో జరిగిన పేలుడు 8 మందిని బలి తీసుకుంది. వాళ్లు రోజూ అదే పని చేసేవాళ్లు. అంతకు ముందు 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తుంటే, బండి కుదుపుకే అవి పేలిపోయాయి. ఒకరు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. అక్కడ ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.

వంటింట్లో, మంచం కింద దాచిన మందు వీటికన్నా భద్రం అని ఎలా అనుకుంటాం?

యూట్యూబ్‌లో వాళ్లు చేస్తున్నారుగా!

ఈ మధ్య ఫోన్లలో కనిపించే వీడియోలు మరో రకం. అమెరికాలో గ్యారేజీలో కూర్చుని, వాడేసిన తూటా గొట్టాలను శుభ్రం చేసి, మళ్లీ మందు, గుండు పెట్టి తయారు చేసుకుంటుంటారు. దాన్ని రీలోడింగ్ అంటారు. అక్కడ సొంత వాడకానికైతే ఫెడరల్ చట్టం ప్రకారం తయారీ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికైతే కావాలి. చూసేవాళ్లకి అది బొమ్మలు చేసినంత సులువుగా కనిపిస్తుంది.

వీడియోలో కనిపించనిది ఏంటంటే, ఆ పనికి వెనక ఓ వ్యవస్థ ఉంది. మందు డబ్బా మీద కంపెనీ పేరు, రకం ఉంటాయి. ఏ తూటాకి ఎంత మందు అన్నది ల్యాబ్‌లో పరీక్షించి అచ్చు వేసిన పుస్తకాలుంటాయి. అనుభవం ఉన్నవాళ్లు బల్ల మీద ఒకేసారి రెండు రకాల మందు డబ్బాలు పెట్టుకోరు. మందు డబ్బా మార్చరు. మాట్లాడుతూ, టీవీ చూస్తూ చేయరు. కళ్లద్దాలు తీయరు. పని అయ్యాక సీసం పోయేలా చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టరు. ప్రతి గొట్టంలోకీ లైటు వేసి చూస్తారు. ఎందుకంటే రెండుసార్లు మందు పడితే తుపాకీ పగులుతుంది. అసలు పడకపోతే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, వెనకే వచ్చే రెండో గుండు ప్రాణం తీస్తుంది. ఇంత చేసినా ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి.

ఈ జాగ్రత్తలన్నీ తెలిసిన మందు, తెలిసిన తుపాకీ ఉన్నప్పుడే పనికొస్తాయి. నాటు తుపాకీకి పుస్తకం లేదు. కాబట్టి వీడియో చూసి ఇక్కడ నేర్చుకోవడానికి ఏమీ లేదన్నమాట.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఓ మాట

ఈ విషయం అక్కడి తెలుగు కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. "ఫ్రెండ్ గ్యారేజీలో రీలోడింగ్ చేశాం, ఓ పెట్టె తెచ్చుకున్నాం" అంటే చదువు, వీసా, కెరీర్ మొత్తం చిక్కుల్లో పడొచ్చు. 2024 నవంబర్‌లో అట్లాంటాలో తెలంగాణకు చెందిన 23 ఏళ్ల విద్యార్థి తన పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు. లోపల తూటా ఉందో లేదో చూసుకోవడం అనే ఒక్క మెట్టు తప్పితే జరిగేది ఇదే.

ఇంతకీ మన చట్టం ఏమంటోంది?

ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష బాగా పెరిగింది. కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. "అమ్మడానికి కాదు సార్, పందుల కోసం" అన్న మాట కోర్టులో నిలబడదు. మందుగుండు దొరికితే పేలుడు పదార్థాల చట్టం కింద వేరే కేసు కూడా పడొచ్చు.

మరి రైతుకి దారే లేదా? ఉంది. ఇది చాలామందికి తెలియని విషయం. నిజంగా పంట రక్షణ కోసమే అయితే గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వడానికి ఇదే చట్టంలోని 13వ సెక్షన్‌లో ప్రత్యేకంగా చోటు ఉంది. అయితే ఆ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే. ఇంట్లో మందు తయారు చేయడానికి కాదు. మందు, గుళ్లు లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే, లైసెన్సులో రాసిన మేరకే కొనాలి.

తుపాకీకి లైసెన్సు వచ్చినంత మాత్రాన జంతువును కాల్చేయొచ్చని కాదు. ఎలుగుబంటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు. ప్రాణం కాపాడుకోవడానికి చంపాల్సి వస్తే నేరం కాదని చట్టంలో ఉంది. కానీ మెలిక చూడండి.. ఆ సమయంలో మీరే వేటకి వెళ్లి ఉంటే ఆ రక్షణ వర్తించదు. అంటే రాత్రిపూట నాటు తుపాకీతో అడవి పంది కోసం వెళ్లి, ఎలుగు ఎదురైతే కాల్చి, "ఆత్మరక్షణ" అంటే కుదరదు.

నాటు బాంబుల సంగతి మరీ ఘోరం. ఆహారంలో పెట్టి వదిలిన బాంబుకి పంది ఏదో, ఆవు ఏదో తెలియదు. 2020లో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు నోటిలో పేలుడు పదార్థం పేలి చనిపోవడం దేశమంతా చూసింది. జీడిగింజలు ఏరే ఆడవాళ్లు, పిల్లలు తిరిగే తోటల్లో అలాంటిది ఒక్కటి పడి ఉంటే?

దొరికితే ఏం చేయాలి?

అటక మీదో, పాత పెట్టెలోనో తాతగారి నాటు తుపాకీ బయటపడిందా? దట్టించి ఉందనే అనుకోండి. ఎత్తొద్దు, ఊచ పెట్టి గుచ్చొద్దు, పేల్చి ఖాళీ చేద్దామని అస్సలు అనుకోవద్దు. అక్కడే వదిలేసి, పిల్లల్ని దూరం పంపి 112కి ఫోన్ చేయండి. తోటలో పేలని నాటు బాంబు కనిపించినా అంతే. నీళ్లలో వేస్తే చల్లబడుతుందని, పొయ్యిలో వేస్తే ఆహుతవుతుందని ఎవరో చెబితే వినొద్దు. మన్యంలో నాటు తుపాకులు తమంతట తాముగా అప్పగించాలని పోలీసులు ఊళ్లలో చెబుతుంటారు. తెచ్చి ఇవ్వడం వేరు, సోదాల్లో దొరకడం వేరు.

ఒకవేళ ఇప్పటికే ప్రమాదం జరిగితే, కేసు అవుతుందని గాయం దాచి ఇంట్లో పసుపు రాసుకుంటూ కూర్చోవద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయండి. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే పీకొద్దు, నలపొద్దు, కన్ను మీద ఒత్తిడి పడకుండా ఏదైనా గిన్నెలాంటిది కప్పండి. తెగిన వేలు దొరికితే తడి గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్‌ని ఐసు మీద ఉంచి తీసుకెళ్లండి. నేరుగా ఐసులో వేయొద్దు. సోంపేటకో, పలాసకో, పెద్ద దెబ్బయితే బరంపురానికో చేరేసరికి గడిచే ప్రతి నిమిషం ఆ చెయ్యి దక్కుతుందా లేదా అన్నది తేలుస్తుంది. డాక్టరుకి మాత్రం ఏం పేలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లోపల సీసం గుళ్లు ఎక్కడున్నాయో వెతకడానికి వాళ్లకి ఆ మాటే ఆధారం.