సంపాదకుని మాట: అరకు దారిలో ఒక రోజు

ఎ.కొండూరు చుట్టుపక్కల మామిడి తోటలు చూస్తూ పెరిగినవారికి అరకు కాఫీ తోట వింతగా కనిపిస్తుంది. అక్కడ మొక్కకు నీడే ప్రాణం. సిల్వర్ ఓక్ చెట్లు గొడుగు పడతాయి, వాటి మొదళ్లకు మిరియాల తీగలు అల్లుకుంటాయి. ఎర్రగా పండిన కాఫీ పండును వేళ్లతో నొక్కితే జిగురుతో పాటు రెండు గింజలు జారిపడతాయి. ఆ జిగురు తియ్యగా ఉంటుంది! గిరిజన రైతుల చేతుల్లో పండిన ఈ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది.

రాత్రి బెజవాడలో రైలెక్కితే తెల్లారేసరికి విశాఖ. అక్కడినుంచి కిరండూల్ రైలు సొరంగాలు దాటుకుంటూ అరకు కొండెక్కుతుంది.

బొర్రా గుహలకు చేరువలోనే గోస్తని నీళ్లు కటికి జలపాతమై దూకుతాయి. వానలు వెనకబట్టాక చూడాలి దాని హోరు. అరకులోని గిరిజన మ్యూజియాన్ని మాత్రం హడావుడిగా చుట్టేయకూడదు. అక్కడి గిరిజనులు చేయీ చేయీ కలిపి ఆడే థింసా, మన తండాల లంబాడీ ఆట పక్కపక్కన ఆడితే ఎంత బాగుంటుందో!

ఈ సంచికలో ఆ ప్రయాణ విశేషాలున్నాయి. వెళ్లే పాఠకులకు ఒక్క మనవి: అడగకుండా ఎవరి ఫొటోనూ తీయకండి, మిరియాలో కాఫీ పొడో పండించినవారి దగ్గరే కొనండి.