పెళ్లి కోసం పొలం అమ్మకండి

అబ్బాయికి ముప్పై దాటింది. సేద్యమే ఆధారం. ఒక్క సంబంధమూ కుదరడం లేదు. ఇలాంటి ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. మోసగాళ్ల కన్ను ఇప్పుడు ఆ ఇళ్లమీదే ఉంది.

ఆడపిల్ల తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం. వాననూ ధరనూ నమ్ముకోలేని బతుకులోకి బిడ్డను పంపాలంటే ఎవరికైనా బెరుకే. దానికి తోడు ఆడపిల్లలే తక్కువయ్యారు. 2022 డిసెంబరులో మహారాష్ట్రలోని షోలాపూర్‌లో పెళ్లికాని యువకులు పెళ్లికొడుకుల్లా ముస్తాబై, గుర్రాలెక్కి కలెక్టరు ఆఫీసుకు ఊరేగారు. గర్భంలో ఆడపిల్లను చంపే లింగనిర్ధారణ పరీక్షలను గట్టిగా అడ్డుకోవాలన్నది వాళ్ల డిమాండు. వాళ్లడిగింది మనకూ వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 2001లో 961 మంది. 2011 నాటికి ఆ సంఖ్య 939కి పడిపోయింది. మొదటి లెక్కలోని పిల్లలు ఇప్పుడు పెళ్లీడులో ఉన్నారు. రెండో లెక్కవాళ్లు ఎదిగొస్తున్నారు. అంటే ఈ ఆడపిల్లల కరువు ఇంకా ముదురుతుంది.

అందుకే చెబుతున్నాను, జాగ్రత్త. పెళ్లిచూపుల ముందే మధ్యవర్తి లక్షలు అడిగితే ఆగండి. అమ్మాయి ఊరికి వెళ్లనివ్వకపోతే ఆగండి. తల్లిదండ్రులు కనబడకుండా ఎవరో పిన్నిగారు ఒక్కరే వస్తే, రెండు రోజుల్లో గుళ్లో తాళి కట్టించేద్దామంటే, బంగారం గురించే పదేపదే అడుగుతుంటే ఆగండి. వయసు రుజువు చూడండి. పద్దెనిమిది నిండని పిల్లను చేసుకుంటే పెళ్లికొడుకూ, చేయించిన పెద్దలూ జైలుకు వెళ్లాల్సి రావచ్చు. ఆ అమ్మాయిని ఎవరో కొని తెచ్చి ఉండొచ్చు కూడా. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఇంట్లో ఆడవాళ్లచేత ఇష్టం అడిగించండి. దయచేసి ఈ ఒక్కటీ మరచిపోకండి.

ఇంకో ముప్పు మన ఇంట్లోనే పుడుతోంది. సంబంధం తప్పిపోతుందని దొంగ పే స్లిప్పు చూపిస్తున్నారు. వడ్డీకి తెచ్చి కారు కొంటున్నారు. ఎకరం అమ్మి ఇంటికి హంగులు చేయిస్తున్నారు. మూడుముళ్లు పడ్డ నెలకే కిస్తీలవాళ్లు గుమ్మంలో నిలబడితే, ఆ కోడలికి మీమీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? ఉన్న అప్పు ముందే చెప్పండి. అమ్మాయి తరఫువారూ జీతం ఎంతని అడిగి ఊరుకోకండి, బ్యాంకు ఖాతా చూపించమనండి. అడగడం అవమానం కాదు.

పెళ్లి మాటతో నష్టపోయేది పల్లెల్లోనే కాదు. నగరాల్లో కలిసి ఉంటూ, సెటిలయ్యాక పెళ్లి అంటూ ఏళ్లు దాటేస్తున్న జంటలున్నాయి. అమ్మా, ఆ గడువేదో ఇప్పుడే తేల్చుకో. హింస ఎదురైతే, పెళ్లిలాంటి సహజీవనంలో ఉన్న స్త్రీకీ 2005 గృహహింస చట్టం రక్షణ ఇస్తుంది.

ఇప్పటికే డబ్బు పోయిందా? పరువుకు జంకి దాచకండి. ఆన్‌లైన్లో పంపినదైతే ఈ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.