గాభరాకు గద్దింపు మందు కాదు

సల్మానియా అంటే బహ్రెయిన్‌లోని మనవాళ్లకు ఒకటే అర్థం: పెద్దాసుపత్రి. మనామాలోని ఈ పేటలో ఉండే మాకు రాత్రీ పగలూ అంబులెన్సు కూతలు అలవాటే. క్యాంపుల నుంచి ఎమర్జెన్సీకి వచ్చే తెలుగు కుర్రాళ్లలో కొందరి కథ ఒకేలా ఉంటుంది. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంటుంది. ఊపిరి అందదు. చేతులు తిమ్మిరెక్కుతాయి, ఒళ్లంతా చెమటలు. 'ఇక నేను బతకను, ఇంటికి ఫోన్ చెయ్యండి' అంటాడు. తీరా ఇసిజి తీస్తే బాగానే ఉంటుంది. రక్త పరీక్షా బాగానే ఉంటుంది. కాసేపటికి లేచి కూర్చుంటాడు. 'ఏమీ లేదంట' అని రూముకు తీసుకొస్తారు. మర్నాడు సైటులో 'డ్యూటీ ఎగ్గొట్టడానికి నాటకాలు' అనే మాట మొదలవుతుంది.

ఏమీ లేకపోవడం కాదు. దానికి పేరుంది. డాక్టర్లు పానిక్ ఎటాక్ అంటారు. గుండె కాస్త వేగంగా కొట్టుకోగానే 'పోతున్నాను' అని మనసు అనుకుంటుంది. ఆ భయానికి ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది. అది గుండెను ఇంకా పరుగెత్తిస్తుంది. ఆ పరుగు చూసి భయం రెట్టింపవుతుంది. సాధారణంగా పది నిమిషాల్లో పరాకాష్ఠకు చేరి తర్వాత తగ్గుతుంది. ఒకసారి వచ్చి పోతే జబ్బు అనక్కర్లేదు. కానీ మళ్లీ మళ్లీ వస్తూ, 'మళ్లీ ఎప్పుడొస్తుందో' అనే దిగులుతో మనిషి లిఫ్టు ఎక్కడం, బస్సెక్కడం మానేస్తే అది పానిక్ డిజార్డర్. దీనికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. నయమవుతుంది.

ఇదే జబ్బు బ్యాంకులకూ వస్తుంది. మనం వేసిన సొమ్మును బ్యాంకు బీరువాలో పెట్టి ఉంచదు. ఇళ్లకూ ఫ్యాక్టరీలకూ ఏళ్ల గడువుతో అప్పులిస్తుంది. రోజుకు కొందరే తీసుకుంటారన్న నమ్మకం మీద బండి నడుస్తుంది. ఒక పుకారు లేచి అందరూ ఒకేరోజు క్యూ కడితే ఎంత గట్టి బ్యాంకైనా చేతులెత్తేస్తుంది. ఆ క్యూ చూసి ఇంకొకడు వచ్చి నిలబడతాడు. అతన్ని తెలివితక్కువవాడు అనడానికీ లేదు. చివర మిగిలినవాడికి దక్కదని అతనికి తెలుసు కదా! ఈ సంగతిని 1983లోనే లెక్కకట్టి చూపిన డైమండ్, డిబ్విగ్ అనే అమెరికా ఆర్థికవేత్తలకు 2022లో నోబెల్ వచ్చింది.

మనకు నోబెల్ పండితులు చెప్పాలా? 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలగానే మన హైదరాబాద్‌లో ఐసిఐసిఐ బ్యాంకు ఏటీఎంల ముందు జనం బారులు తీరారు. సెప్టెంబరు 30న రిజర్వు బ్యాంకు, ఆ బ్యాంకు దగ్గర సరిపడా సొమ్ముందని ప్రకటించింది. గాభరా సర్దుకుంది. అంతకుముందు 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డాక, ప్రవాస భారతీయుల డిపాజిట్లు దేశం నుంచి వెనక్కి పోవడం మొదలైంది. 1991 విదేశీ మారక సంక్షోభానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. ఆ జూలైలో 47 టన్నుల బంగారాన్ని బయటి దేశాల బ్యాంకుల్లో కుదువ పెట్టాల్సి వచ్చింది. ప్రవాసుల గాభరా ఎంతదూరం పోతుందో చూడండి.

అలాగని ప్రతి భయమూ పుకారేనని కొట్టిపారేస్తే మోసపోతాం. 2001లో హైదరాబాద్‌లో కృషి సహకార బ్యాంకు మూతపడింది, ఛైర్మన్ పరారయ్యాడు. లోపల నిజంగానే పుచ్చిపోయింది. 2004 జూలై 24న గ్లోబల్ ట్రస్టు బ్యాంకు మీద మారటోరియం పెట్టి, 10 వేల రూపాయలకు మించి తియ్యడానికి లేదన్నారు. అక్కడా మొండిబాకీలు నిజమే. మూడు వారాల్లో, ఆగస్టు 14న, దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపారు. డిపాజిట్‌దార్లు గట్టెక్కారు, వాటాదార్లకు చిల్లిగవ్వ దక్కలేదు. ఛాతీనొప్పీ అంతే. పానిక్ కావచ్చు, గుండెపోటూ కావచ్చు, ఎండదెబ్బా కావచ్చు. పైకి చూసి చెప్పడం ఫోర్‌మన్ తరం కాదు, పక్క మంచం మీది దోస్తు తరమూ కాదు. ముందు 999కి ఫోన్ కొట్టాలి. పరీక్ష తర్వాతే మిగతా మాటలు.

బ్యాంకు గాభరాకూ మనిషి గాభరాకూ ఒక పెద్ద తేడా ఉంది. పుకారు బాగున్న బ్యాంకునూ ముంచగలదు. పానిక్ ఎటాక్ మాత్రం బాగున్న గుండెను ఆపలేదు. ఈ ఒక్క మాట నమ్మకంగా చెప్పేవాడు దొరికితే కుర్రాడికి సగం బలం వస్తుంది. 'ఏమీ లేదు' అంటే మాత్రం రాదు. నాకొచ్చిందేమిటో ఎవరికీ తెలియలేదు అనుకుంటాడు. భయం ఇంకా పెరుగుతుంది.

మా సైటు పనిలో ఒక పద్ధతుంది. పరంజా మీద ఎత్తున మనిషి బిగుసుకుపోయి కడ్డీ వదలకపోతే కింద నుంచి అరవం. అరిస్తే ఇంకా బిగుసుకుంటాడు. అనుభవమున్న ఒకరు పైకెక్కి, బెల్టు తగిలించి, పక్కనే నిలబడి, 'ఈ కాలు ఇక్కడ పెట్టు, ఇప్పుడా కాలు' అంటూ దింపుతారు. మిగతా గల్ఫ్ బతుక్కీ ఇదే పద్ధతి వర్తిస్తుందని మా నమ్మకం. వీసా కోసం చేసిన అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ, రాని జీతం, ఊళ్లో పెళ్లికెదిగిన చెల్లెలు... ఇన్ని నెత్తిన పెట్టుకున్నవాడిని 'మగాడివి కాదా' అని గద్దిస్తే కిందికి దిగడు, పడతాడు. మనసు డాక్టరు దగ్గరికెళ్తే పిచ్చోడని ముద్ర వేసి టికెట్ కొట్టి పంపిస్తారనే భయం క్యాంపుల్లో ఉంది. అందుకే చాలామంది నోరు విప్పరు. ఆ భయం పోగొట్టాల్సింది ముందుగా సూపర్‌వైజర్లమే. ఇసిజి బాగుందన్న కుర్రాడికి ఇంకోసారి వస్తే, తోడుగా వెళ్లి మానసిక వైద్యుణ్ని కలిపించడం మన పనే. హిందీ, ఇంగ్లీషు రానివాడికి మాట సాయం చేయడమూ మన పనే. ఊళ్లో ఇంటివాళ్లకే ఇలా ఉంటే భారత ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

సొమ్ము విషయంలోనూ ముందు నిజం తెలుసుకుందాం. మన దేశంలో ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్‌కు అసలూ వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. అంతకుముందు లక్షే ఉండేది, 2020 ఫిబ్రవరి 4 నుంచి పెంచారు. ఎన్‌ఆర్‌ఈ ఖాతాలకూ వర్తిస్తుంది. చిట్టీలకూ, ఊళ్లో వడ్డీకి తిప్పిన సొమ్ముకూ వర్తించదు. ఈ సంగతి తెలిసినవాడు వాట్సాప్‌లో వచ్చిన మెసేజి చూసి గడువు తీరని ఫిక్సెడ్ డిపాజిట్ విరగ్గొట్టుకోడు. ఎక్కువ వడ్డీ ఆశ చూపిన చోట సంపాదనంతా కుమ్మరించడు కూడా.

భయం తప్పు కాదు. భయపడినవాడిని ఒంటరిగా వదిలేయడం తప్పు. రేపు మీ రూములో ఎవరైనా గుండె పట్టుకుని కూర్చుంటే నవ్వకండి, గద్దించకండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి. వచ్చాక కూడా పక్కన ఉండండి.