రెండు రోజుల రాజ్యం

ఒక దినపత్రికకు కొత్త సంపాదకుడు వచ్చాడు. యుద్ధం ముగిసింది, తిరుగుబాటు నాయకులు పట్టుబడ్డారు. అయినా జనానికి ప్రభుత్వం మీద గురి కుదరలేదు. మూడు రోజుల్లో ఆ గురి కుదర్చాలని సంపాదకుడికి పైనుంచి ఉత్తర్వు. ఆయన భార్యాబిడ్డల్ని ముందుజాగ్రత్తగా క్షేమమైన చోట ఉంచామన్న కబురు కూడా అందులోనే ఉంది. 2012 ఏప్రిల్‌లో లూకాస్ పోప్ అనే అమెరికన్ ‘లూడమ్ డేర్’ పోటీ కోసం తయారుచేసిన ‘ది రిపబ్లియా టైమ్స్’ అనే చిన్న వీడియో గేమ్ ఇలా మొదలవుతుంది. ఆ సంపాదకుడి కుర్చీలో కూర్చోవలసింది ఆడేవాళ్లే.

తెర మీద ఒకవైపు వార్తలు వచ్చి పడుతుంటాయి. పక్కన ఖాళీ పేజీ. ఒక్కో వార్తను తెచ్చి చిన్నగానో, మధ్యరకంగానో, పెద్దగానో పెట్టాలి. ఈలోగా పొద్దు గడిచిపోతూ ఉంటుంది. సర్కారుకు గిట్టని వార్త వేస్తే జనంలో విధేయత తగ్గుతుంది. వాతావరణం, క్రీడలు, ప్రముఖుల కబుర్లు వేస్తే పాఠకులు పెరుగుతారు, ఎవరికీ నొప్పి ఉండదు. ఒక్క అబద్ధం కూడా రాయనక్కర్లేదు. ఏది పతాక శీర్షిక, ఏది అడుగున సింగిల్ కాలమ్, ఏది చెత్తబుట్ట అన్నది తేలిస్తే చాలు. డెస్కు మీద కొన్నాళ్లు పనిచేసిన ఎవరికైనా ఈ ఆట గొంతులో అడ్డుపడుతుంది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ విధించి సెన్సార్‌షిప్ పెట్టినప్పుడు ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం జాగాను ఖాళీగా వదిలేసి పత్రికను ముద్రించింది. ఆ సంగతి మనం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. ఆ 21 నెలల్లో మిగతా రోజుల్లో, మిగతా పేజీల్లో ఏ వార్త ఏ సైజులో వచ్చిందో మాత్రం అంతగా చెప్పుకోం. పోప్ ఆట ఈ రెండో సంగతిని పట్టుకుంది.

లూడమ్ డేర్ 2002లో మొదలైంది. అందులోని ప్రధాన పోటీకి ఒక్కరే కూర్చుని 48 గంటల్లో ఆట పూర్తిచేయాలి. కోడు, బొమ్మలు, శబ్దాలు అన్నీ ఆ గడువులోనే పుట్టాలి. ఇతివృత్తం ఏమిటో గడియారం మొదలయ్యే దాకా తెలియదు. పోప్ పాల్గొన్న 23వ పోటీకి ఇచ్చిన ఇతివృత్తం ‘చిన్న ప్రపంచం’. ఆ మాట వినగానే ఎవరికైనా ఓ బుల్లి గ్రహమో చీమల పుట్టో తడుతుంది. పోప్ ఒక దేశం మొత్తాన్ని వార్తాపత్రిక మొదటి పేజీలోకి కుదించాడు.

ఆ కుదింపు దగ్గరే కథారచయితలు కాసేపు ఆగాలి. రేపటి నియంతృత్వాల మీద కథ రాయబోయేవారికి మొదట వచ్చే ఆశ, ఆ లోకాన్ని పూర్తిగా చెప్పేయాలని. ఎవరు గద్దెనెక్కారు, ఏ చట్టాలు తెచ్చారు, తిండి ఎలా పంచుతున్నారు, నిఘా ఎలా పెడుతున్నారు, ఇవన్నీ ఏకరువు పెట్టాలనిపిస్తుంది. పత్రికలకు వచ్చే ఇలాంటి కథలు కొన్ని మూడో పేజీ దాటినా పీఠికలోంచి బయటపడవు. రెండు రోజుల గడువున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. నగరం గీసే తీరిక లేదు గనుక ఒక బల్ల గీస్తాడు. సైన్యాన్ని చూపలేడు గనుక ఒక ఉత్తర్వు చూపిస్తాడు. నియంతకు ముఖం కూడా పెట్టడు. అవన్నీ కొట్టేశాక ఒకే ప్రశ్న మిగులుతుంది: ఆడేవాడి చేత ఏ పని చేయించాలి? దానికి జవాబు దొరికితే ఆట దొరికినట్టే. పైగా నిరంకుశ రాజ్యాలు రోజువారీగా నడిచేది గుమాస్తా బల్లల మీద, సంతకాల మీద, రబ్బరు ముద్రల మీదే. కాబట్టి గడువు తరుముకొచ్చి రచయితను ఒక బల్ల దగ్గరికి నెట్టిందంటే, ఆ రాజ్యం గుట్టు ఉన్న చోటికే నెట్టిందన్నమాట.

గడువు చేసిన మేలు మరొకటి ఉంది. తయారుచేసినవాడి తొందర ఆడేవాడికీ అంటుకుంటుంది. పొద్దు దిగిపోతోంది, పేజీ నిండలేదు, ఇంట్లోవాళ్లు ప్రభుత్వం గుప్పిట్లో ఉన్నారు. చేతికందిన వార్త తీసి పెట్టేస్తాం. అది మంచిదా కాదా అన్న ఆలోచన పేజీ మూసేశాక వస్తుంది. పీడించే ప్రభుత్వాలకు మన నమ్మకంతో పెద్దగా పని లేదు, మనకు ఆలోచించుకునే వ్యవధి చిక్కకపోతే చాలు. ఆ నిజాన్ని వ్యాసంలో చెబితే తల ఊపుతాం. ఆటలో మన వేళ్లే దానికి సాక్ష్యం ఇస్తాయి. చివరికి తిరుగుబాటుదారులతో చేతులు కలిపి ప్రభుత్వాన్ని పడగొట్టినా విడుదల లేదు. పత్రిక పేరు మారుతుంది, పాలకులు మారతారు, మళ్లీ అలాంటి ఉత్తర్వే వస్తుంది.

ఆ ఆట కోసం కల్పించిన రిపబ్లియా, అంటెగ్రియా అనే దేశాలు పోప్ తర్వాత చేసిన ఒక ఆటలో ఇరుగుపొరుగు రాజ్యాలుగా తిరిగొచ్చాయి. 2013 ఆగస్టులో విడుదలైన ఆ ఆట ‘పేపర్స్, ప్లీజ్’. దానికి తొమ్మిది నెలలు పట్టింది, మరుసటి ఏడాది బాఫ్టా పురస్కారం వచ్చింది. గడువు నెలలకు పెరిగినా బల్ల మాత్రం పెరగలేదు. 1982, ఆర్‌స్టోట్జ్‌కా అనే కల్పిత దేశం, సరిహద్దు చెక్‌పోస్టు. లాటరీలో ఉద్యోగం తగిలిన తనిఖీ అధికారి మనమే. పాస్‌పోర్టు చూడాలి, ముద్ర వేయాలి. బల్ల ఇరుకు. రోజుకో కొత్త నిబంధన, దానికో కొత్త కాగితం. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడి అసలు తేదీ ఎక్కడుందో కనిపించదు. వాతావరణం అని మనం సాహిత్యంలో దేన్నంటామో అది ఇక్కడ వర్ణన వల్ల రాలేదు. బూడిదరంగు క్యూ, అర్థం కాని మాటతో తర్వాతి మనిషిని పిలిచే మైకు, ముద్ర పడినప్పుడు వచ్చే ధబ్‌మన్న చప్పుడు, ఇంతే సరంజామా.

అందులో ఒక ఘట్టం. ఒకతను వస్తాడు, కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. నా వెనకే నా భార్య వస్తోంది, కాస్త దయ చూపండి అని వెళతాడు. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి పత్రం ఉండదు. వెనక్కి పంపితే చంపేస్తారంటుంది. లోపలికి వదిలితే మన పేర తప్పు నమోదవుతుంది. అయితే రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరికే, మూడోదాని నుంచి జరిమానా. ఒక మనిషిని తనిఖీ చేస్తే వచ్చే జీతం ఎంతో, ఆ జరిమానా కూడా మొదట్లో అంతే. సాయంత్రం ఆ డబ్బుతోనే అద్దె కట్టాలి, ఇంట్లో తిండి, వెచ్చదనం చూసుకోవాలి. అంటే రోజుకు రెండు దయలు ఉచితం, ఆ పైన ప్రతి దయా పిల్లవాడి మందుల్లోంచి కోత పెడుతుంది. పొద్దున్నే ఏమరుపాటులో రెండు తప్పులు చేసి ఉంటే, ఆమె కిటికీ దగ్గరికి వచ్చేసరికి మన దగ్గర దయ ఖర్చైపోయి ఉంటుంది. కరుణ గురించి ఒక్క వాక్యం రాయకుండా దాని ధర ఎంతో లెక్కకట్టి చూపించడం గొప్ప కథనం.

ఇంత చెప్పాక గడువును దేవుణ్ని చేయకూడదు. అవధానంలో సమస్య ఇచ్చిన క్షణంలో పద్యం పుట్టడం చూసి చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లలో చాలా భాగం వేగానికే దక్కుతుంది, తెల్లారేసరికి ఆ పద్యాల్లో ఏ కొన్నో జ్ఞాపకం ఉంటాయి. లూడమ్ డేర్ లాంటి వారాంతపు పోటీల్లో, అంటే గేమ్ జామ్‌లలోనూ అంతే. పుట్టే వందల ఆటల్లో ఎక్కువ భాగం సోమవారానికి మరుగునపడతాయి. గడువు చెత్తను కొట్టేయగలదు గాని చెప్పవలసిన మాటను సృష్టించలేదు. పోప్‌కు చెప్పే మాట ఉంది, అంతకుముందు పెద్ద స్టూడియోలో పెద్ద ఆటలకు పనిచేసిన చేయీ ఉంది. ఇంకో సంగతి. ఇష్టపడి రెండు రాత్రులు మేలుకోవడం వేరు. విడుదల తేదీ ముంచుకొచ్చిందని నెలల తరబడి ఉద్యోగుల్ని ఇంటికి పంపకుండా పనిచేయించుకోవడం వేరు. ఆ రెండో అలవాటు గేమ్ పరిశ్రమలో పాతదే. జామ్‌ల ఉత్సాహాన్ని చూపించి దానికి వత్తాసు పలికితే, అది పీడక రాజ్యాల మీద వచ్చే ఏ ఆటలోనైనా నప్పే సన్నివేశం అవుతుంది.

మరి తెలుగులో? హైదరాబాదులో గేమ్ స్టూడియోలున్నాయి, కుర్రాళ్లున్నారు, నైపుణ్యం ఉంది. తెలుగులో ఆలోచించి, తెలుగులో చదివించే ఆటలు మాత్రం అరుదు. కొంత తప్పు పనిముట్లది. అక్షరాల్ని వరసగా పేర్చడం తప్ప మరేమీ తెలియని, ఆటలు తయారుచేసే ఇంజిన్లలో ‘రాష్ట్రం’ అని కొడితే ష కింద చేరవలసిన ఒత్తులు ఊడొచ్చి, పొల్లులు తగిలించుకుని పక్కపక్కన నిలబడతాయి. రెండు రోజుల్లో ఒక రోజు ఆ ఒత్తుల్ని కింద కూర్చోబెట్టడానికే సరిపోతే కథ ఎప్పుడు రాస్తారు? ఈ అడ్డంకి ఇప్పుడు చాలావరకు తొలగింది. 2023లో వచ్చిన గోడో 4 ఇంజిన్ మన లిపిని సరిగ్గా కూరుస్తుంది. వచనంతోనే ఆట అల్లుకోగలిగే ట్వైన్ 2009 నుంచీ ఉచితంగా దొరుకుతోంది. దానితో చేసిన కథ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది గనుక ఒత్తుల బాధ్యత బ్రౌజరే చూసుకుంటుంది. దానికి కోడు కూడా పెద్దగా రానక్కర్లేదు.

మిగిలింది మన తప్పు. ఆటలు పిల్లల కాలక్షేపమని సాహిత్యం వాళ్లు, కథంటే చివర్లో అతికించే డైలాగులని గేమ్‌ల వాళ్లు, ఎవరి గదిలో వాళ్లున్నారు. ఆదివారం రాత్రి అచ్చుతప్పులు దిద్దడానికి రచయితను పిలిస్తే ఒరిగేదేమీ లేదు. ఇతివృత్తం ప్రకటించే శుక్రవారం సాయంత్రమే రచయిత ఆ బల్ల దగ్గర ఉండాలి. ఆడేవాడి చేత ఏ పని చేయించాలన్న ప్రశ్న తేలేది అప్పుడే. రేషన్ షాపు వేలిముద్ర యంత్రం ముందు, తహసీల్దారు ఆఫీసు కౌంటర్ వెనుక, లేబర్ క్యాంపు గేటు దగ్గర జరిగే పనుల గురించి మన కథకులకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ పని ఏమిటో వాళ్లు చెప్పాలి, చేయించే దారి కుర్రాళ్లు వెతకాలి. అలా పుట్టిన తెలుగు ఆట ఏదైనా మా దృష్టికి వస్తే, కథల సంపుటిని సమీక్షించినంత శ్రద్ధగానూ అంత నిర్మొహమాటంగానూ ఈ పత్రికలో సమీక్షిస్తాం.