చూపు బాగానే ఉందిగా అనుకోకండి!
షుగరున్న అత్తగారు సూదిలో దారం తనే ఎక్కించుకుంటున్నారు, కళ్లకేం ఢోకా లేదనుకుంటున్నారా? అక్కడే పొరపాటు. కంటి వెనక రెటీనాలో సన్నటి రక్తనాళాలు పాడవుతున్నా మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. కళ్లజోళ్ల షాపులో అక్షరాలు చదివిస్తే ఇది బయటపడదు. కంటి డాక్టరు చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల చూడాలి. పెద్దయ్యాక వచ్చే షుగరైతే, ఉందని తెలియగానే ఒకసారి, ఆపైన ఏడాదికోసారి తప్పదు. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకేస్తుంది, ఎండ గుచ్చుకుంటుంది, ఒంటరిగా పంపకండి. షుగరు బాగా పెరిగినప్పుడు కొత్త అద్దాలు చేయించకండి. అదుపులోకి రాగానే పవరు మారొచ్చు, డబ్బు దండగ! షుగరు మీకే ఉందా? 'పిల్లల పరీక్షలయ్యాక చూద్దాంలే' అనకండి. కళ్లముందు హఠాత్తుగా నల్లచుక్కలు తేలినా, తెర కట్టినట్టనిపించినా ఆ రోజే వెళ్లాలి.