తాత పలికిన గేటు

సెలవులకు తెలంగాణలోని నాదర్‌గుల్ వెళ్లిన మనవడితో తాత "గేటు వెయ్యి బిడ్డా" అంటాడు. "గేటు కాదు తాతా, గెయ్‌ట్" అని మనవడు దిద్దుతాడు. ఇంటిల్లిపాదీ నవ్వేస్తారు. మనం నవ్వి ఊరుకోకూడదు. అక్కడ దిద్దాల్సిన తప్పేమీ లేదు.

తాత నోట్లోని ఏకారం తెలుగు నుంచి వచ్చింది, నిజమే. కానీ గేట్, కోట్ అనే మాటల్లో అచ్చును అలా నిలకడగా సాగదీసి పలికేవాళ్లు స్కాట్లాండ్‌లో ఉన్నారు, యార్క్‌షైర్‌లో ఉన్నారు, అమెరికాలోనే మినసోటాలో ఉన్నారు. లండన్ వాళ్ల ఏకారం చివర్లో 'ఇ' వైపు జారడం సుమారు 1800 ప్రాంతంలో మొదలైంది. అంతకుముందు వాళ్లదీ తాత పలుకే.

మనం ఉంటున్న ఈ టెక్సస్ సంగతే చూడండి. ఇక్కడ చాలామంది నోట పెన్, పిన్ ఒకేలా వినిపిస్తాయి. అందుకే రాసే కలం కావాలంటే 'ఇంక్ పెన్' అని విడమరిచి అడుగుతారు. వాళ్లనెవరూ ఉచ్చారణ తరగతులకు పొమ్మనరు. ఇంగ్లండ్‌లోనే దక్షిణాదివాళ్లు 'బాత్' అని దీర్ఘం తీస్తే, ఉత్తరాదివాళ్లు పొట్టిగా తేల్చేస్తారు.

మన తెలుగులో మాత్రం తేడాల్లేవా? కోస్తావాళ్లు 'వచ్చాడు' అన్నప్పుడు రాసేది ఆకారమే, పలికేది 'బ్యాంకు'లోని అచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి లాంటి భాషాశాస్త్రవేత్తలు దాన్ని వేరే అచ్చుగానే లెక్కగట్టారు. నాదర్‌గుల్ వైపు 'వచ్చిండు' అంటారు, ఆ అచ్చుతో పనే లేదు. అలా అన్నందుకు బడిలో, సినిమాల్లో వెక్కిరింపులు పడ్డ తరం ఆ తాతది. తెలుగు పలుకుకు ఒకసారి తలవంచినవాణ్ణి, ఇంగ్లీషు పలుకుకు మనవడి ముందు మళ్లీ తలవంచమనడం నాకు సహించదు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివి కొత్తగా ఇక్కడికి వచ్చిన విద్యార్థులకూ ఇదే మాట. షిప్‌కీ షీప్‌కీ తేడా వినబడాలి, ఎదుటివాడికి అర్థం కావాలి. హ్రస్వదీర్ఘాల్లో పెరిగిన మనకు అదేమంత కష్టం కాదు. అంతకుమించి గొంతు మార్చుకోనక్కర్లేదు.

వచ్చే సెలవులకు ఊరెళ్లే పిల్లలకు మన తెలుగు తరగతుల తరఫున ఒక పని అప్పగిస్తున్నాం. తాత, నానమ్మ, అమ్మమ్మ మాట్లాడే తెలుగునూ ఇంగ్లీషునూ ఫోన్లో రికార్డు చేసి తీసుకురండి. మధ్యలో ఎక్కడా దిద్దకండి. ఏ ఊరి పలుకో పక్కనే రాసి పెట్టండి.