దేవత కళ్ళకు గంతలు

మొన్న మా అబ్బాయి రెండు పాత కార్ల ఫోటోలు నా ముందు పెట్టి, "తేడా ఏమిటో చెప్పు చూద్దాం అమ్మా" అన్నాడు. ఒళ్ళంతా ఒకటే, ముఖాలే వేరు. ఒకదానికి అద్దాల చాటున సోగకళ్ళు. రెండోదానికి ఏ చాటూ లేని గుడ్లగూబ కళ్ళు.

"రెండూ ఒకే కారమ్మా! మొదటిది ఫ్రాన్సులో అమ్మింది, రెండోది అమెరికాలో" అన్నాడు.

ఆ కారు సిత్రోయెన్ డి.ఎస్. ఆ రెండక్షరాలూ ఫ్రెంచివాళ్ళు పలికితే 'దేవత' అన్నమాటే వినిపిస్తుంది. 1967లో ఆ దేవతకు కొత్త కళ్ళు పెట్టారు. లోపలి జత దీపాలు స్టీరింగు ఎటు తిరిగితే అటే తిరుగుతాయి. చీకట్లో మలుపు తిరిగేటప్పుడు దారి చూపిస్తాయన్నమాట.

అమెరికా చట్టం ఒప్పుకుంటేగా! దీపం మీద అద్దం మూత కూడదు, దీపం కదలకూడదు. ఆ అద్దాలు తీసేసి, దీపాలు కదలకుండా బిగించాకే అక్కడ అడుగుపెట్టనిచ్చారు. 1968లో వచ్చిన రెండో రకం జాగ్వార్ ఇ-టైపుకైతే ఏ దేశంలోనూ ఆ అద్దాల్లేవు. ఒక ఇంటి నియమం ఊరందరి నెత్తికీ చుట్టుకుంది.

"భద్రత కోసమేగా" అంటారు. కొట్టిపారెయ్యను. 1940లో అక్కడి కార్లన్నిటికీ ఏడంగుళాల గుండ్రటి దీపం, అద్దమూ లోపలి సరంజామా ఒకటిగా మూసేసింది, పెట్టినప్పుడు అది మంచిపనే. దుమ్మూ తేమా లోపలికి పోవు. మాడిపోతే ఏ ఊళ్ళోనైనా అదే కొలతది దొరుకుతుంది. కాని ఒకనాటి మంచి శిలాశాసనమైతేనే చిక్కు. మా అత్తగారి రోజుల్లో కట్టెలపొయ్యి మంచిదే. గ్యాసు వచ్చాక కూడా "పొయ్యంటే కట్టెలదే" అంటే ఊరుకుంటామా?

ఫ్రాన్సు మాత్రం తక్కువ తిందా? 1936లో చట్టం చేసి, 1993 దాకా కార్ల దీపాలు పసుపు వెలుగే ఇవ్వాలని పట్టుబట్టింది!

బి.ఏ. చదివినదాన్ని, ఇంజనీర్ని కాను. అయినా ఒక్కమాట అడుగుతాను. వెలుగు ఎంత దూరం పడుతోంది, ఎదుటివాడి కళ్ళు బైర్లు కమ్మకుండా పడుతోందా అని కదా చట్టం చూడాల్సింది? కన్ను ఏ ఆకారంలో ఉంటే దానికెందుకు? కూర రుచి చూస్తామా, గిన్నె గుండ్రమా కాదా అని చూస్తామా?

1983లో అమెరికా ఆ ఆకారం పట్టు సడలించింది. సంతోషమే. కాని దేవత తయారీ 1975లోనే ఆగిపోయింది. ఈలోగా ఎన్ని చీకటి మలుపుల్లో ఎందరు ఆ చూపు లేకుండానే బండి తిప్పారో! దారి కనబడాలని పెట్టిన చట్టమే చూపుకు అడ్డం నిలబడితే, అదేమిటని నిలదీయడం తప్పా, చెప్పండి?